బండి వెనక మోగుతున్నప్పుడు



జీపు, వ్యాను, లారీ, ఏదో ఒకటి నడుపుకుని బతికే ఇళ్ళలో అప్పుడప్పుడు వినబడే మాట ఒకటుంది. "వెనక ఏదో మోగుతోంది." ఆ ఏదో ఏమిటన్నది తేలకముందే కొందరు బండిని విప్పిస్తారు. క్రౌను, పినియను మార్పిస్తారు. వేలకు వేలు పోస్తారు. తీరా బండి రోడ్డెక్కితే పాత మోత అలాగే ఉంటుంది. ఎందుకంటే మోగింది చక్రం బేరింగు. మరికొందరు, "మోగితే మోగనీ, బండి నడుస్తోంది కదా" అని ఊరుకుంటారు. ఒకనాడు పినియను బేరింగు పట్టేసి, పరుగులో ఉన్న బండి వెనక చక్రాలు బిగుసుకుపోవచ్చు. మొదటివారికి పోయేది డబ్బు. రెండోవారికి ప్రాణం మీదికే రావచ్చు.

మన సరిహద్దు జిల్లాల్లో దీనికి తోడు భాష చిక్కు ఒకటి. "గుయ్‌మంటోంది", "గురగురలాడుతోంది" అని మనం ఎంత చక్కగా చెప్పినా, బళ్ళారిలో కన్నడం మాట్లాడే మెకానిక్కుకో, కృష్ణగిరిలో తమిళం మాట్లాడే మెకానిక్కుకో, పర్లాకిమిడిలో ఒడియా మాట్లాడే మెకానిక్కుకో అది పూర్తిగా అందకపోవచ్చు. కానీ మోత ఎప్పుడు వస్తోందో ఏ భాషలోనైనా చెప్పవచ్చు. అసలు జబ్బు బయటపడేది కూడా దానితోనే. మోత ఎలా ఉందన్నదానికన్నా ఎప్పుడు వస్తోందన్నది ముఖ్యం. ఈనాడు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూ ఉంటుంది.

ముందు ఆ వెనక గుండులో ఏముందో చూద్దాం. బడిలో కవాతు చేసే పిల్లలు వరసగా మలుపు తిరగడం మీరు చూసే ఉంటారు. లోపలివైపు పిల్లవాడు దాదాపు ఉన్నచోటనే అడుగులు వేస్తాడు. బయటివైపు పిల్లవాడు పెద్ద పెద్ద అంగలు వేయాలి. లేకపోతే వరస చెదిరిపోతుంది. బండి చక్రాలదీ అదే లెక్క. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండు చక్రాలనూ ఇంజను ఒకేసారి తిప్పుతూనే, ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ తిరుగుడు పంచిపెట్టేదే డిఫరెన్షియల్. ఫ్రాన్సులో గడియారాల పనివాడైన ఒనెసిఫోర్ పెకర్ 1827లో ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇన్నేళ్ళయినా మూలసూత్రం మారలేదు.

ఇంజను నుంచి వచ్చే పొడవాటి షాఫ్టు చివర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. అది పినియను. దానితో కలిసి తిరిగే పెద్ద పళ్ళ చక్రం క్రౌను. క్రౌనుకు బిగించిన పెట్టెలో చిన్న గేర్లుంటాయి. వీటిలో కొన్నింటిని మన మెకానిక్కులు స్టార్ పినియన్లంటారు. మలుపులో తేడాను సర్దేవి ఇవే. క్రౌనుకు 41 పళ్ళు, పినియనుకు 9 పళ్ళు ఉన్నాయనుకుందాం. క్రౌను ఒక్క చుట్టు తిరిగేలోపల పినియను నాలుగున్నర చుట్లు తిరుగుతుంది. అందుకే పినియను బేరింగు మోత సన్నగా, హెచ్చు స్థాయిలో ఉంటుంది. క్రౌను పక్క బేరింగుల మోత మందంగా, గురకలా ఉంటుంది.

ఇక పరీక్ష. మొదట, మోత నిజంగా అక్కడిదేనా అని తేల్చాలి. గరుకు రోడ్డు మీది నుంచి నున్నటి తారు రోడ్డు మీదికి రాగానే మోత మారిపోతే అది చాలావరకు టైర్లది. బండిని నిలిపి, ఇంజను వేగం పెంచినప్పుడు కూడా అదే మోత వస్తే అది ఇంజనుదో, సైలెన్సరుదో. చదునైన, ఖాళీగా ఉన్న రోడ్డు మీద, ఇంజను ఆపకుండా, కొద్దిసేపు న్యూట్రల్‌లో వదిలి వినండి. బరువు తగ్గగానే మోత తగ్గితే పళ్ళ చక్రాలను అనుమానించాలి. తగ్గకపోతే టైర్లనో, చక్రం బేరింగులనో చూడాలి. ఈ పరీక్ష ఘాట్ రోడ్డులో ఎన్నటికీ చేయకూడదు.

డిఫరెన్షియల్ దగ్గరే అని నమ్మకం కుదిరాక నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: యాక్సిలరేటరు తొక్కి బండి లాగుతున్నప్పుడు మాత్రమే ఊళ వేస్తోందా? అలాగైతే క్రౌను, పినియను పళ్ళు ముందుకు లాగే ముఖం మీద సరిగా కలవడం లేదని అర్థం.

రెండు: యాక్సిలరేటరు వదిలి, గేరులోనే జారుతున్నప్పుడు వస్తోందా? పళ్ళ రెండో ముఖం అరిగి ఉండవచ్చు. పినియను బేరింగు బిగువు తగ్గినా ఇదే జరుగుతుంది.

మూడు: తొక్కినా, వదిలినా తేడా లేకుండా వేగంతోపాటే పెరుగుతూ గరగరమంటోందా? బేరింగులను చూడాలి. స్టీరింగు కొంచెం కుడికి, కొంచెం ఎడమకు తిప్పినప్పుడు మోత హెచ్చుతగ్గులైతే చక్రం బేరింగు మీద అనుమానం పెంచుకోవచ్చు.

నాలుగు: మలుపులో మాత్రమే వస్తోందా? అది స్టార్ పినియన్ల పని. నేరుగా పోతున్నప్పుడు అవి తమలో తాము తిరగవు, కాబట్టి మోగవు.

ఇక క్లచ్చి వదలగానే టక్కుమని ఒక దెబ్బ వినబడితే, ముందు షాఫ్టు క్రాస్ జాయింట్లను, కమానుకట్టల యు-బోల్టులను చూడండి. అవి బాగుంటే అప్పుడు డిఫరెన్షియల్ లోపలి వాషర్ల అరుగుదల గురించి ఆలోచించవచ్చు.

విప్పేముందు ఆయిల్ చూడటం తప్పనిసరి. బండిని సమంగా నిలిపి నింపే బిరడా తీస్తే, ఆయిల్ ఆ రంధ్రం అంచుదాకా ఉండాలి. తక్కువగా ఉంటే ఎక్కడ కారుతోందో వెదకాలి. గుండు మీద గాలి పోయే చిన్న బ్రీదరు ఉంటుంది. బురదతో అది మూసుకుపోతే లోపల వేడికి ఒత్తిడి పెరిగి, ఆయిల్ సీలును తోసుకుని బయటికి వస్తుంది. సీలు మార్చి బ్రీదరు శుభ్రం చేయకపోతే కొత్త సీలు కూడా కారుతుంది. వాగులు దాటే బండ్లలో ఆయిల్ పాలలా తెల్లబడిందంటే నీళ్ళు చేరినట్టు. బిరడాకున్న అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి మడ్డి మామూలే. పెచ్చులు, ముక్కలు కనిపిస్తే మాత్రం బండిని ఇక నడపకండి.

ఏ ఆయిల్ పడితే అది పోయకూడదు. చాలా బండ్లలో పినియను క్రౌను నడిమికి కాస్త కిందుగా ఉంటుంది. దీన్ని హైపాయిడ్ అమరిక అంటారు. ఇందులో పళ్ళు దొర్లుతూనే ఒకదానిమీద ఒకటి జారుతాయి. ఆ రాపిడికి తట్టుకునే ప్రత్యేకమైన గేరు ఆయిల్, సాధారణంగా జీఎల్-5 రకం, కావాలి. ఎంత చిక్కనిదన్నది బండి పుస్తకమే చెప్పాలి. పాత బండి అమ్మేముందు మోత అణగడానికి లోపల రంపపు పొట్టు వేయడమన్నది దేశదేశాల్లోనూ ఉన్న పాత మోసం. కొనేవారు ఆయిల్ ఒకసారి దించి చూసుకోవడం మంచిది.

విప్పక తప్పనప్పుడు మెకానిక్కును మర్యాదగా మూడు విషయాలు అడగండి. మొదటిది, విప్పకముందే పళ్ళ మధ్య సందును డయల్ గేజితో కొలుస్తారా అని. చాలా బండ్లలో అది 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే రెండు మూడు తలవెంట్రుకల మందం. కంటికి ఆనే లెక్క కాదిది. రెండవది, బేరింగు టోపీలకు కుడి ఎడమల గుర్తు పెడతారా అని. అవి తారుమారు కాకూడదు. మూడవది, బిగించాక పళ్ళకు రంగు పూసి, తిప్పి, అచ్చు చూస్తారా అని. అచ్చు పంటి నడుమ పడాలి. వేళ్ళ వైపు దిగితే పినియను ఎక్కువ లోపలికి వచ్చినట్టు. కొసకు ఎక్కితే దూరంగా ఉన్నట్టు. అప్పుడు షిమ్ములు మార్చి సర్దాలి.

క్రౌను, పినియను ఒకదానితో ఒకటి నూరి జతగా తయారు చేసినవి. ఒకటి చెడితే రెండూ మార్చాల్సిందే. ఇంకొక సంగతి. సీలు మార్చేటప్పుడు పినియను నట్టును బలం కొద్దీ బిగిస్తే కొన్నాళ్ళకు బేరింగు కాలిపోతుంది. ఆ బిగువును కొలవాలి. చాలా బండ్లలో ఆ నట్టు వెనక నలిగే గొట్టం ఒకటుంటుంది. ఒకసారి ఎక్కువ నలిగితే నట్టు వదులు చేసి సరిపెట్టకూడదు. కొత్త గొట్టం వేయాల్సిందే.

వేగానికి తయారైన కార్లలోనూ, కొండదారుల్లో తిరిగే కొన్ని జీపుల్లోనూ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటుంది. ఒక చక్రం బురదలో ఊరికే తిరిగిపోకుండా ఇది రెండో చక్రానికి బలం పంపుతుంది. రాపిడి బిళ్ళలున్న రకంలో, నెమ్మదిగా బాగా మలుపు తిప్పినప్పుడు కటకటమని అదురు వస్తే వెంటనే విప్పించకండి. కంపెనీ చెప్పిన ఆయిల్, అందులో కలపాల్సిన మందు పోసి, ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా కొన్ని చుట్లు తిప్పితే చాలాసార్లు అది సర్దుకుంటుంది. కానీ ఒక హెచ్చరిక. ఇలాంటి బండికి ఒక్క చక్రం మాత్రమే జాకీ మీద లేపి ఇంజను తిప్పరాదు. నేల మీదున్న చక్రానికి బలం వెళ్ళి బండి జాకీ మీది నుంచి దూకుతుంది. ఏ బండికైనా సరే, ఉత్త జాకీని నమ్మి కిందికి దూరకూడదు. గట్టి స్టాండ్లు పెట్టాలి.

ఏళ్ళ తరబడి ఒకే తీరుగా సన్నగా పాడుతూ, పెరగకుండా ఉన్న గేరు మోతకు భయపడనక్కర్లేదు. ఆయిల్ చూసుకుంటూ ఉంటే చాలు. పాత పళ్ళను కదిలిస్తే ఒక్కోసారి కొత్త మోత మొదలవుతుంది. వారం వారం పెరిగే మోతను మాత్రం ఆలస్యం చేయకండి.

మెకానిక్కు దగ్గరికి వెళ్ళేముందు ఒక చీటీ రాసుకోండి. ఎంత వేగంలో, తొక్కినప్పుడా వదిలినప్పుడా, నేరుగానా మలుపులోనా, ఎన్నాళ్ళ నుంచి, ఆయిల్ ఎప్పుడు మార్చారు. ఈ అయిదు సంగతులు రాశాక, అక్కడి భాష మీకు రాకపోతే బడిలో ఆ భాష చదువుకునే మీ పిల్లల చేత రాయించుకోండి. ఆ చీటీ చూసి, ముందు మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపి వినే మెకానిక్కు దొరికితే, అతణ్ణి వదులుకోకండి.