చూడవలసిన ముఖం ఎవరిది?

(పౌరసేవల సిబ్బందికి వీడియో ద్వారా శిక్షణ ఇచ్చేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వీడియో ద్వారా శిక్షణ ఇవ్వడం 2020లో కొవిడ్ కారణంగా విధిలేక విస్తరించి, క్రమంగా కార్యాలయాల నిత్యకృత్యంగా స్థిరపడింది. ఆ తొందరలో దాని పద్ధతుల గురించి ఆలోచించే వ్యవధి ఎవరికీ దొరకలేదు. సమావేశ మందిరంలో మూడు గంటలు సాగే పాఠాన్ని యథాతథంగా తెర మీదికి ఎక్కించారు. హాజరు పట్టీ స్థానంలో ‘అందరూ కెమెరాలు తెరవండి’ అన్న ఆజ్ఞ వచ్చింది. పరిస్థితులు మారినా ఆ ఆజ్ఞ చాలాచోట్ల మారలేదు. ఈనాటి ప్రసంగం ప్రధానంగా ఆ ఒక్క ఆజ్ఞ గురించే.

బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికులలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. చెన్నైలోనూ ఇదే స్థితి. అటువంటి కుటుంబానికి చెందిన ఒక స్త్రీని ఊహించుకుందాం. తెల్లవారకముందే లేచి, ఉదయమంతా వీధిలో పనిచేసి, మధ్యాహ్నం ఆమె ఇల్లు చేరింది. మూడు గంటలకు చెత్త వేరుచేయడంపై శిక్షణ. ఫోను కొడుకుది, ఆ రోజుకు అడిగి పుచ్చుకున్నది. ఇల్లు ఒకే గది. పాఠం కన్నడంలో, తెర మీది అక్షరాలు ఇంగ్లీషులో. కెమెరా తెరవమన్నారు. వెనుక దండెం మీద ఆరేసిన బట్టలు, మంచంపై నిద్రిస్తున్న అత్తగారు. ఏ గోడ వైపు తిరిగితే ఇవి కనబడవో వెతకడంలోనే మొదటి పది నిమిషాలు గడిచాయి. ఫోను నిలబెట్టడానికి ఆధారం లేదు కనుక చేత పట్టుకునే ఉండాలి. తన మేస్త్రీ, సూపర్‌వైజరు, ముక్కూమొహం తెలియని మరో ముప్పై మంది తన ఇంటి లోపలికి చూస్తున్నారన్న ఎరుక ఆమెను క్షణం కూడా విడిచిపెట్టదు. శిక్షకునికి మాత్రం ఆమె ముఖం కనబడుతున్నది కాబట్టి పాఠం వింటున్నట్లే తోస్తుంది.

ఈ అలసటను ఆమె బలహీనతగానో, శ్రద్ధాలోపంగానో భావించడం పొరపాటు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో ప్రచురించిన వ్యాసంలో దీనికి నాలుగు కారణాలు సూచించారు. మొదటిది, దగ్గరి నుండి ఎడతెగక తాకే చూపు. గదిలో కూర్చున్నవారు ఒకసారి వక్త వైపు, మరొకసారి కిటికీ వైపు, ఇంకొకసారి పుస్తకం వైపు చూస్తారు. తెర మీద మాత్రం అందరూ అందరినీ ఎల్లవేళలా చూస్తున్నట్లే ఉంటుంది; పైగా ఆ ముఖాలు ఇంట్లోవారికో ఆప్తులకో తగినంత దగ్గరగా, పెద్దవిగా కనబడతాయి. రెండవది, సైగలకు అయ్యే శ్రమ. ఎదుట ఉన్నవారికి అప్రయత్నంగా తెలిసే తల ఊపును ఇక్కడ కావాలని పెద్దగా ఊపి చూపాలి. మూడవది, తన ముఖాన్ని తానే చూసుకుంటూ ఉండవలసి రావడం. దినమంతా ఒక మనిషి అద్దం పట్టుకుని వెంట నడిచినట్లు ఉంటుందని ఆయన పోలిక. నాలుగవది కదలిక లేకపోవడం. కెమెరా చట్రం దాటితే మనిషి మాయమవుతాడు కాబట్టి బిగుసుకుని కూర్చోవలసిందే. ఫోను చేత పట్టుకున్నవారి విషయంలో ఈ నాలుగవ కష్టం మరింత పెరుగుతుంది.

ఆ విశ్వవిద్యాలయపు పరిశోధకులే పది వేల మందికి పైగా అభిప్రాయాలు సేకరించినప్పుడు, వీడియో సమావేశాల తరువాత తీవ్రంగా అలసిపోతున్నామని చెప్పినవారు స్త్రీలలో సుమారు ఏడుగురికి ఒకరు, పురుషులలో సుమారు ఇరవై మందికి ఒకరు. తమ బొమ్మను తామే చూసుకోవడం వల్ల కలిగే సంకోచం ఈ తేడాకు ముఖ్య కారణమని వారు గుర్తించారు. ఇది మాటల మీద ఆధారపడిన లెక్క. ఇంతకంటె గట్టి సాక్ష్యం ఆలిసన్ గాబ్రియెల్, ఆమె సహచరులు అదే ఏడాది వెలువరించిన ప్రయోగంలో దొరుకుతుంది. ఒక సంస్థలోని 103 మంది ఉద్యోగులను నాలుగు వారాల పాటు గమనించారు. కొందరు మొదటి రెండు వారాలు కెమెరా తెరిచి, తరువాతి రెండు వారాలు మూసి పాల్గొన్నారు. మిగిలినవారు ఇందుకు విపరీతంగా చేశారు. కెమెరా తెరిచిన రోజుల్లో అలసట ఎక్కువైంది. అలసినవారు సమావేశంలో తక్కువగా మాట్లాడారు, తక్కువగా లీనమయ్యారు. స్త్రీలలోను, కొత్తగా చేరినవారిలోను ఈ ప్రభావం మరీ ఎక్కువ. శ్రద్ధ పెంచాలని పెట్టిన నియమమే శ్రద్ధను హరించిందన్నమాట. మన శిక్షణలకు ఎక్కువగా వచ్చేది స్త్రీలూ, కొత్తవారూ కావడం ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఖర్చు సంగతి కూడా చిన్నది కాదు. గంటసేపు వీడియో నడిస్తే వందల మెగాబైట్ల డేటా కరుగుతుంది; కేవలం మాటకైతే సుమారుగా అందులో పదోవంతు చాలు. ఆ డేటాతోనే ఇంట్లో పిల్లల చదువు కూడా సాగవలసి ఉండవచ్చు.

అయితే కెమెరాలన్నీ మూసి, శిక్షణను రేడియో పాఠంగా మార్చమనడం దీని ఉద్దేశం కాదు. ముఖానికీ వినికిడికీ సంబంధం ఉంది. చప్పుడు మధ్య మాట వినవలసి వచ్చినప్పుడు మాట్లాడేవారి ముఖం కనబడితే మాటలు మరింత తేటగా తెలుస్తాయని సంబీ, పొలాక్ అనే ఇద్దరు 1954లోనే నిరూపించారు. చెవి వినేదానిని కన్ను మార్చగలదని 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చూపారు: వినబడే అక్షరం ఒకటి, పెదవులు పలికే అక్షరం మరొకటి అయితే, వినేవారికి మూడవ అక్షరం వినబడవచ్చు. ఇంటిభాష కాని భాషలో పాఠం వినేవారికి పెదవుల సాయం ఎంతగానో ఉపకరిస్తుంది. పక్కవీధిలో హారన్లు మోగుతుండగా, తన రెండవ భాషలో వింటున్న ఆ పౌరకార్మికురాలికి శిక్షకుని ముఖం కావాలి. శిక్షకునికి ఆమె ముఖం అంతగా అవసరం లేదు. తెరవవలసిన కెమెరా శిక్షకునిది.

ఆచరణలో జరుగుతున్నది తరచుగా ఇందుకు విరుద్ధం. శిక్షకుడు స్క్రీన్ షేర్ మొదలుపెట్టగానే అతని ముఖం తపాలా బిళ్లంత అవుతుంది. ఫోనులో చూసేవారికి అదీ దక్కదు. కిటికీని వీపు వెనుక పెట్టుకుని కూర్చుంటే ముఖం నీడగా మారి పెదవులు ఆనవు. కిటికీ ఎదురుగా ఉండాలి, కెమెరా కంటి ఎత్తున ఉండాలి. పటం చూపేటప్పుడు పటమే చూపి, దానిని తొలగించి మళ్లీ ముఖం చూపాలి. పటం మీది వాక్యాలను ముఖం లేకుండా చదివి వినిపించడం కంటె నిస్సారమైన పద్ధతి మరొకటి లేదు. శిక్షకుడు తన బొమ్మ తనకు కనబడకుండా దాచుకునే వీలు కూడా ఈ సాధనాలలో ఉంటుంది. దానిని వాడుకోవాలి, శిక్షణార్థులకూ నేర్పాలి.

దూరం నుండి బొమ్మలతో పాఠం చెప్పడం మన ప్రాంతాలకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు సైట్ అనే ఉపగ్రహ బోధన ప్రయోగం సాగింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. ప్రసార భాషలలో తెలుగు, కన్నడం ఉన్నాయి. బడిపిల్లల కోసం ఒక్కొక్క భాషకు కేటాయించిన సమయం ఇరవై రెండున్నర నిమిషాలు మాత్రమే. దాదాపు 50 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా ఆ ప్రయోగంలో భాగంగానే జరిగింది. అప్పుడు టీవీతో పాటు రేడియో, అచ్చు పాఠాలు, చేతితో చేసే ప్రయోగాలు, పక్కన నిలిచి నడిపించే ఒక స్థానిక ఉపాధ్యాయుడు ఉండేవారు. తెరలోని వారిని అందరూ చూశారు. చూసేవారిని తెర చూడలేదు. ఈనాటి సాధనం ఇరువైపులా చూడగలదు కాబట్టి ఇరువైపులా చూసి తీరాలన్న భ్రమ పుట్టింది. ఆనాటి ఏర్పాటులో పక్కన మనిషి ఉండడమే అన్నిటికంటె విలువైనది. ఇప్పుడైనా వార్డు కార్యాలయంలో పది మందిని ఒక పెద్ద తెర ముందు కూర్చోబెట్టి, వారి భాష తెలిసిన ఒకరిని తోడుంచితే, పది ఇళ్లలో పది ఫోన్లు పట్టుకునే బాధ తప్పుతుంది.

ఇక కెమెరా నిజంగా పనికివచ్చే చోటు వస్తువును చూపడం. బెంగళూరులో అమలు చేసిన ‘రెండు బుట్టలు, ఒక సంచి’ పద్ధతినే తీసుకుందాం: తడిచెత్తకు ఆకుపచ్చ బుట్ట, పారవేయవలసిన ప్రమాదకర వ్యర్థాలకు ఎర్ర బుట్ట, పొడిచెత్తకు సంచి. దీనిని పటం మీద జాబితాగా చూపితే పావుగంట పడుతుంది, గుర్తు ఉండదు. ఫోనును ఎత్తయిన స్టూలుకు కట్టి, కెమెరాను కిందికి తిప్పి, ఒక ఇంటి చెత్తను చాప మీద గుమ్మరించి చేతులతో వేరుచేసి చూపితే ఐదు నిమిషాలు చాలు. పాలప్యాకెట్ ఎటు వెళుతుంది, నూనె అంటిన కాగితం ఎటు వెళుతుంది, వాడిన శానిటరీ ప్యాడ్ ఎలా చుట్టాలి అన్న సందేహాలు అక్కడే తీరుతాయి. తరువాత శిక్షణార్థుల వంతు. వారిని కెమెరా తెరవమనవలసిన సమయం ఇదే. అదీ ఫోను వెనుకవైపు కెమెరాను. వారి చేతులు, వారి ముందున్న బుట్ట కనబడతాయి. ముఖమూ ఇల్లూ వారి అధీనంలోనే ఉంటాయి. రెండు నిమిషాలు చూపి మూసివేయవచ్చు. ఈ పని ఉంటుందని ముందురోజే తెలియజేయాలి.

కెమెరాలు మూసి ఉంటే వింటున్నారో లేదో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. నల్లని గళ్లతో గంటసేపు మాట్లాడడం శిక్షకునికీ దుర్భరం. దానికి విరుగుడు స్వరం. మొదట్లో కొద్దిసేపు, ఇష్టమైనవారు ముఖం చూపి నమస్కారం చెప్పుకోవచ్చు. ఆపై ప్రతి పది నిమిషాలకు ఒకసారి ‘లక్ష్మమ్మగారూ, మీ వీధిలో దీన్ని ఎలా చేస్తారు?’ అని పేరుపెట్టి అడగాలి. చాట్‌లో రాయమనడం అందరికీ కుదరదు. చదువు రానివారినీ, ఫోనులో తెలుగు టైపు చేయడం అలవాటు లేనివారినీ అది నోరెత్తకుండా చేస్తుంది. అడిగిన తరువాత ఆగడం ముఖ్యం. ముఖాముఖి సంభాషణలో ఒకరి మాట ముగిసి మరొకరి మాట మొదలవడానికి సగటున సెకనులో ఐదోవంతు పడుతుందని పది భాషలపై జరిగిన అధ్యయనం 2009లో తేల్చింది. తెర మీద సంకేతం ఆలస్యమై, మ్యూట్ తీసే వ్యవధి కూడా తోడై, ఆ ఎడం ఎంతో పెరుగుతుంది. కొద్దిపాటి ఆలస్యాన్నే మనుషులు ఎదుటివారి నిరాసక్తతగా పొరబడతారని జర్మనీ పరిశోధకులు 2014లో చూపారు. మనసులో ఆరు అంకెలు లెక్కపెట్టేలోపు మరొకరిని పిలవకూడదు.

వ్యవధి విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. వరుసగా నాలుగు అరగంట సమావేశాలలో కూర్చున్న పద్నాలుగు మంది మెదడు తరంగాలను మైక్రోసాఫ్ట్ 2021లో పరిశీలించగా, విరామం లేనివారిలో ఒత్తిడి పేరుకుంటూ పోయింది. మధ్యమధ్య పది నిమిషాలు ఆగినవారిలో అలా జరగలేదు. పరీక్షించినవారు కొద్దిమందే అయినా, ఏ పాఠశాల గంటను చూసినా తెలిసే సంగతే ఇది. విరామమంటే తెర ముందే కూర్చుని టీ తాగడం కాదు. ఫోను కింద పెట్టి లేవమని చెప్పాలి.

మూడు గంటల పాఠంలో వినిపించి వదిలేయదగినది చాలా ఉంటుంది. దానిని ముందుగానే చిన్న వీడియోలుగా చేసి పంపవచ్చు. ఎడ్‌ఎక్స్ పాఠాలను లక్షల సార్లు చూసిన తీరును లెక్కించిన 2014 నాటి అధ్యయనంలో, వీడియో ఎంత పొడవైనదైనా చూసేవారు నిలిచిన మధ్యస్థ వ్యవధి ఆరు నిమిషాలకు మించలేదు. కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి, ఒక్కొక్కటి ఐదు నిమిషాలకు మించకుండా, తక్కువ సైజులో ఉంటే వాట్సాప్‌లో సులువుగా చేరుతుంది. ఫోను కొడుకుది కాబట్టి అతడు పనినుండి ఇల్లు చేరిన తరువాతనే ఆమె చూడగలదు. అందువల్ల మరునాటి ఉదయానికల్లా చూసి తీరాలన్న గడువు పెట్టకూడదు. కనీసం ఒక ఆదివారం మధ్యలో వచ్చేలా తేదీ నిర్ణయించాలి.