గింజల నూనెలు – మన చర్మం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పసిబిడ్డ ఒంటికి నువ్వుల నూనె, తలకు ఆముదం, పుండుకు వేపనూనె, అన్నింటికీ కలోంజీ నూనె. మన ఇళ్లలో ఇవి తరతరాలుగా ఉన్నవే. గింజ నుంచి తీసింది కదా, హాని చేయదులే అనుకుంటాం. కాని ఏ నూనె, ఎవరికి, ఎలా అన్నది తెలుసుకునే వాడాలి.

ముందు మంచి మాట చెబుతాను. ఢాకా శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె రాసి చూశారు. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం, నూనె రాయని బిడ్డలకంటే వీరికి ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. ఆ నూనెలోని లినోలిక్ ఆమ్లం చర్మం పైపొరకు బలమిస్తుంది. అయితే అది వైద్యుల పర్యవేక్షణలో జరిగిన పని.

వేపనూనె సంగతి వేరు. ఒంటికి రాసే ఆ నూనెను కొందరు పసివాళ్లకు తాగిస్తారు. మలేసియాలో 1980 ప్రాంతంలో అలా తాగిన శిశువులకు వాంతులు, మగత, ఫిట్స్ వచ్చాయి. ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. ఆ సీసా పిల్లలకు అందకుండా పెట్టండి.

కలోంజీ ప్రస్తావన హదీసులో ఉంది, మనకు దానిపై గౌరవం ఉంది. ఆ గౌరవం బజారులో దొరికే ప్రతి సీసాకూ హామీ కాదు. ఈ నూనె పూసుకున్న కొందరికి దద్దుర్లు, బొబ్బలు లేచాయని వైద్యులు నమోదు చేశారు.

అందుకే కొత్త నూనె ఏదైనా ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా, రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడండి. దురద, మంట వస్తే మానేయండి. కాలిన చోట, తెరిచిన పుండు మీద రాయకండి. వాసన మారిన నూనె పారేయండి.

ఉపాధ్యాయుడిగా మరో మాట. గజ్జి, తామర ఉన్న పిల్లలు ఒళ్లంతా నూనె పూసుకుని బడికి వస్తుంటారు. నూనెతో అవి పోవు, మందు కావాలి. గజ్జికైతే ఇంటిల్లిపాదీ ఒకేసారి వాడాలి. లేకపోతే పక్క పిల్లవాడికీ అంటుకుంటుంది, చదువు పోతుంది. మందుకు డబ్బు లేని తల్లి మీకు తెలిస్తే మన సొసైటీకి చెప్పండి. మన చందాలు ఉన్నది అందుకే.

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని తెలివితో కాపాడుకుందాం. వస్సలాం.