వార్ధక్యమును దాచని నటి

వయస్సు మీరిన బడిపంతులుకు సినిమానటి కథ యెందులకని మీలో గొందరు తలపవచ్చును. ఫ్రాన్సు దేశపు నటి సిమోన్ సిన్యోరే చరిత్రము పడుచువారికంటె మనబోంట్లే ముఖ్యముగా వినదగినదని నా నమ్మకము. అందుచేతనే యీ ప్రసంగమునకు బూనుకొంటిని.

ఆమె 1921వ సంవత్సరమున, ఫ్రెంచి సైన్యము వశమందుండిన జర్మనీ దేశపు వీస్‌బాడెన్ పట్టణమున జన్మించినది. తండ్రి యింటిపేరు కామింకేర్. ఆయన పోలెండునుండి వచ్చిన యూదుల సంతతివాడు. 1940లో జర్మనులు ఫ్రాన్సును ఆక్రమింపగా ఆయన లండను నగరమునకు బోయి, ద గోల్ సేనానితో జేరెను. తల్లియు నిద్దరు తమ్ములును గల కుటుంబభారము పందొమ్మిదేండ్ల యాపిల్లపై బడినది. యూదుల పేరు ప్రాణములమీదికి దెచ్చు కాలమది. కావున నామె తండ్రి పేరు విడిచి, తల్లి పుట్టినింటి పేరగు సిన్యోరే యను పేరు ధరించినది. నటించుటకు అనుమతిపత్రము దొరకక, గుంపులో నిలువబడు చిన్న వేషములతో పొట్ట పోసికొన్నది.

యుద్ధానంతరమున, 1952లో వెడలిన 'కాస్క్ దోర్' చిత్రముతో ఆమె కీర్తి స్థిరపడినది. 1959లో 'రూమ్ ఎట్ ది టాప్' అను ఇంగ్లీషు చిత్రమున, తనకంటె చిన్నవానిని ప్రేమించి భంగపడిన వివాహితగా నటించి, ఆ యేడు కాన్ చిత్రోత్సవమునను, మరుసటి యేడు అమెరికాలో ఆస్కారు సభయందును ఉత్తమ నటి బహుమానముల నందినది. అప్పటి కామె వయస్సు 39 ఏండ్లు.

అంతటి పేరు వచ్చిన నటీమణులు ప్రాయము నిలుపుకొన బ్రయాసపడుట లోకసామాన్యము. ఈమె యట్లు చేయలేదు. ముఖమున ముడుతలు పడినవి, దేహము స్థూలమైనది. వానిని గప్పిపుచ్చక, వయస్సు మీరిన స్త్రీల పాత్రలనే స్వీకరించినది. 1969లో 'నీడల సైన్యము' అను నర్థమిచ్చు చిత్రమున, జర్మనులపై రహస్యముగా బోరాడు మతిల్డ్ అను స్త్రీగా నటించినది. కూతురి ఛాయాచిత్రమును దగ్గరనుంచుకొనవలదని తోడివారు హెచ్చరించినను ఆ తల్లి దానిని విడువజాలక, శత్రువుల చేతికి జిక్కును. 1971లో 'పిల్లి' యను చిత్రమున, ఒకే యింట నుండియు మాటలాడుకొనని వృద్ధదంపతులలో భార్యగా నటించి బెర్లినులో బహుమానము పొందినది.

వీనియన్నిటికంటె నా మనస్సునకు హత్తినది 1977 నాటి 'మదామ్ రోజా'. రోజా యొక యూదువృద్ధ. జర్మనుల ఆష్విట్జ్ శిబిరమునుండి ప్రాణములతో బయటపడి, వెలవృత్తి సాగించి, ముదిమిలో నట్టి స్త్రీల బిడ్డలను బెంచుచుండును. ఆమె కవసానకాలమున దిక్కయినవాడు మోమో యను ముస్లిము బాలుడు. మెట్లెక్కలేక ఆయాసపడు నాముసలమ్మ వేషమునకు మరుసటి యేడు ఫ్రాన్సున సెజార్ పురస్కారము లభించినది. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని భరతముని అభినయమును నాలుగు విధములుగా జెప్పెను. ఈ చిత్రమున వార్ధక్యమే ఆమెకు ఆహార్యమైనది.

తుదిదినములలో కనుచూపు మందగించినను ఆమె కలము విడువలేదు. 1985లో వెలువడిన ఆమె నవల, పారిస్ చేరిన పోలెండు, ఉక్రెయిను యూదుల కుటుంబముల కథ. ఆ సెప్టెంబరు 30వ తేదీననే ఆమె కన్నుమూసినది. ప్రాణభీతిచే విడిచిన తండ్రి పేరు సంగతి ఆమె మరువలేదని నాకు దోచుచున్నది.

ఆర్యులారా, ఉద్యోగము విరమించిన క్రొత్తలో నేనును, ఇక నాపని తీరినదని అరుగుమీద జేరి యూరకుంటిని. ఈమె చరిత్ర నెరిగిన పిమ్మట సిగ్గుపడితిని. నెరసిన తలకు దగిన పాత్ర ప్రతి యింటను, ప్రతి గ్రామమునను గలదు. దానిని దప్పించుకొనక ధరింతము గాక.