నాన్నగారి బండి, తమ్ముడి సంతకము

మత్తయి సువార్త 5వ అధ్యాయము 23, 24 వచనములను తెరచి మీ ముందుంచుకొనండి.

మా నాన్నగారికి ఒక యెజ్డీ మోటారు సైకిలు ఉండేది. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారములో తయారైన బండి. ఆ కర్మాగారము 1996లో మూతపడింది. నాన్నగారు ప్రభువునొద్దకు వెళ్లిన తరువాత బండి మా పశువుల పాకలో 9 సంవత్సరములు పడి ఉన్నది. కోళ్లు దాని సీటు మీద గ్రుడ్లు పెట్టేవి.

ఒక వేసవిలో దానిని బాగుచేద్దామని కూర్చున్నాను. యెజ్డీకి గేరు వేసేదీ, కిక్కు కొట్టేదీ ఒకటే రాడ్డు. తొక్కితే అది కదలలేదు. తుప్పుతో పిస్టను పట్టేసింది. ఎగిరి తొక్కబోతే మా ఊరి మెకానిక్కు ఆపాడు. "అయ్యగారూ, బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి, నాననివ్వండి" అన్నాడు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రములో డీజిలు, ఇంజనాయిలు కలిపి పోశాము. ప్రతి సాయంకాలము బండిని గేరులో ఉంచి మెల్లగా ముందుకూ వెనుకకూ ఊపేవాడిని. 11వ రోజున కదిలింది.

తరువాత ట్యాంకులో తుప్పు కడిగాము. కార్బురేటరు జెట్టులో పాత పెట్రోలు బంకలా గట్టిపడితే శుభ్రము చేశాము. పాయింట్లు రుద్దాము. పెట్రోలులో ఆయిలు కలిపి కిక్కు కొడితే రెండు సైలెన్సర్లూ పొగ వదిలాయి. నాకు కన్నీళ్లు వచ్చాయి.

కానీ బండి రోడ్డెక్కలేదు. ఆర్.సి. నాన్నగారి పేరుతో ఉన్నది, గడువు కూడా తీరిపోయింది. నా పేరుకు మార్చుకోవాలంటే రెండవ వారసుడైన నా తమ్ముడు అభ్యంతరము లేదని సంతకము చేయాలి. పొలము గట్టు దగ్గర మాట పట్టింపు వచ్చిన నాటినుండి మేము మాట్లాడుకొనలేదు.

ప్రియులారా, ఆ రాత్రి ఈ వాక్యము నన్ను పట్టుకొన్నది. నీకు సహోదరుని మీద కోపముంటే అని ప్రభువు ఇక్కడ చెప్పలేదు. అతనికి నీ మీద ఏదైనా ఉంటే అంటున్నాడు. తప్పు ఎవరిదో తేలేవరకు ఆగమనలేదు. కానుకను అక్కడే ఉంచి, ముందు నీవే వెళ్లమన్నాడు. తుప్పు పట్టిన ఇనుము కొరకు 11 రోజులు ఓర్చుకొన్న నేను, తోడబుట్టినవాని కొరకు 9 సంవత్సరములలో ఒక్క సాయంకాలము ఓర్చుకొనలేదు. అయినా ప్రభువు బల్లలో చేయివేస్తూనే ఉన్నాను!

మరునాడు వెళ్లాను. కాగితము తీయకుండానే, "గట్టు విషయంలో నిన్ను నలుగురిలో అవమానించాను, క్షమించరా" అన్నాను. వాడు నన్ను కూర్చోమనలేదు. రెండవసారి వెళితే మంచినీళ్లిచ్చాడు. మూడవసారి, "అన్నయ్యా, నాన్న బండి నిజంగా స్టార్టయిందా?" అని అడిగాడు.

శ్రోతలారా, మీ ఇంట పట్టేసిన సంబంధము ఏది? ఎగిరి తొక్కవద్దు. ప్రార్థనతో నాననివ్వండి, ప్రతి దినము మెల్లగా కదపండి. అయితే గడప దాటుట మాత్రము ఈ దినమే జరగాలి.

ప్రార్థన చేసుకొందాము. పరలోకపు తండ్రీ, మా గర్వపు తుప్పును కడుగుము. మేము ఎవరి గుమ్మమునకు వెళ్లవలెనో ఆ పేరును మాకు జ్ఞాపకము చేయుము. యేసు నామములో వేడుచున్నాము తండ్రీ, ఆమేన్.