ఆగిన మెట్టు నుంచే



మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరపకోతలు మొదలైతే కొందరు పిల్లలు తల్లుల వెంట చేలకు పోతారు. తిరిగొచ్చేసరికి బళ్ళో పాఠం ముందుకు పోయి ఉంటుంది. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు అయిన పిల్లకు బరువు రెండింతలు. నోరు మెదపదు, మొద్దని మనమే పేరు పెడతాం.

మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ వారు తమ పల్లెబడుల్లో పాఠాలను చిన్న కార్డులుగా విడదీసి నిచ్చెన మెట్లలా పేర్చారు. మానివచ్చిన పిల్ల తాను ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. ఇక భాష సంగతి: అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులుండాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణమే చెబుతోంది.

కోతల కూలి మనకు అవసరమే, కాదనం. కానీ మార్కుల కన్నా ముందు మేష్టారిని ఒక్క మాట అడుగుదాం: "మా అమ్మాయి ఏ మెట్టు మీద ఉందండీ?"