మస్టరు చదివే సభ

ఓటేసిన మర్నాటి నుంచే నాయకుల్ని నమ్మలేమంటాం. నమ్మకం ఉపన్యాసాలతో రాదు, లెక్క అడిగితే వస్తుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, 17వ సెక్షన్ ద్వారా, పనులను తనిఖీ చేసే హక్కు గ్రామసభకిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే ఆ సామాజిక తనిఖీ మొదలుపెట్టి దేశానికి దారి చూపింది. మస్టరులో, అంటే హాజరుపట్టీలో, ఉన్న పేర్లు కూలీల ఎదుటే చదివితే, పార పట్టనివాళ్ల పేరున డ్రా అయిన కూలి అక్కడే బయటపడుతుంది. ముఠాకక్షల రాయలసీమలో నోరు విప్పేదెవరంటారా? భయం నిజమే. అందుకే ఒంటరి ఫిర్యాదుకన్నా సభ నయం: పదిమంది అడిగినదానికి ఒక్కరి మీద కక్ష తీర్చుకోవడం కష్టం. తనిఖీల్లో స్వాహా అయినట్టు తేలిన సొమ్మంతా వసూలు కాలేదన్నదీ నిజమే. ఆ తప్పు చర్య తీసుకోనివాళ్లది, అడిగినవాళ్లది కాదు. ఈసారి సభకు దండోరా వేస్తే వెళ్లండి, తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టేముందు రాసింది చదివి వినిపించమనండి.