పదిరోజుల వారం
(సంఘ సమావేశంలో పిల్లలనుద్దేశించి చేసిన ప్రసంగపాఠం)

పిల్లలూ! ఫ్రెంచి విప్లవం అంటే మీ పాఠంలో 1789 జులై 14, బాస్టిల్ కోట, రాజుగారి తల తెగడం ఉంటాయి. ఇళ్లలో ఏమి జరిగిందో నేను చెబుతాను.

ఆ అక్టోబరు 5న పారిస్ బజారు ఆడవాళ్లు రొట్టె దొరక్క, వానలో సుమారు 20 కిలోమీటర్లు నడిచి వెర్సాయిలో రాజును నిలదీశారు. మర్నాడు ఆయన్ను కుటుంబంతో సహా పారిస్‌కు తీసుకొచ్చారు. ఇంతవరకు బాగానే ఉంది.

1793లో కొత్త ప్రభుత్వం క్యాలెండరే మార్చేసింది. వారానికి పది రోజులు, నెలకు మూడు వారాలు. ఏడాది చివర మిగిలిన అయిదారు రోజులు పండుగలు. లెక్క ముచ్చటగానే ఉంది. కాని సెలవు పదిరోజులకొకటి! 52 ఆదివారాలు పోయి 36 సెలవులు మిగిలాయి. 34 ఏళ్లు హాజరుపట్టీ రాసినవాణ్ణి, నా కన్ను ముందు అక్కడే పడింది. సర్కారు ఉద్యోగులకు తప్పింది కాదు. పల్లెల్లో చాలామంది ఆదివారాన్ని వదల్లేదు. చివరికి 1806 జనవరి 1 నుంచి నెపోలియన్ పాత క్యాలెండరే తెచ్చాడు.

1795లో వాళ్లు చట్టం చేసిన మీటరు, కిలో మాత్రం నిలిచాయి. 1956 చట్టంతో మన దేశానికీ వచ్చాయి. మా నాయనమ్మ కొట్లో కిలో రాయి చూసి కూడా, "వీశె ఎంత నాయనా?" అనే అడిగేది.